పసుపయ్య కట్టిన తెగని గూడు

అనగనగా ఒక అడవిలో పేరు కూడా లేని ఒక చిన్న వాగు ఉండేది. ఆ వాగు మీదికి ఒక తుమ్మచెట్టు వంగి ఉండేది. దాని కొమ్మల చివర్లన్నీ గిజిగాళ్ళ గూళ్ళే. గిజిగాడంటే తెలుసుగా పిల్లలూ, గడ్డిపోచలతో గూడు అల్లుకునే పిట్ట. కింద నీళ్ళు, చుట్టూ ముళ్ళు. పాము రావాలన్నా ఒకటికి రెండుసార్లు ఆలోచించుకోవాల్సిందే.

ఆ గిజిగాళ్ళలో పసుపయ్య అని ఒకడు. వానాకాలం వస్తే వాడి తలా రొమ్మూ పసుపు పూసినట్టు ఉండేవి, అందుకని ఆ పేరు. పనిమంతుడే, కాదనకూడదు. కానీ తొలకరి పడిందంటే చాలు, ఒకటే సణుగుడు.

"గడ్డి చీల్చు, మోసుకురా, అల్లు. పిల్లలు ఎగిరిపోయాక గూడు కాస్తా ఎండి రాలిపోతుంది. మళ్ళీ మొదలు. ఏటా ఇదే చాకిరీ," అనేవాడు.

"రాలిపోతే నీకేం పోయిందయ్యా? అప్పటికి మనం అందులో ఉండం కదా," అనేది వాళ్ళావిడ జొన్నమ్మ.

ఆ మాట వాడి చెవికెక్కేది కాదు.

ఒక ఏడు వాగు ఒడ్డున ఎవరో చేపలు పట్టేవాళ్ళు చిరిగిన నీలం వలా, ఒక ప్లాస్టిక్ పట్టా పడేసి పోయారు. పసుపయ్య వల దారాన్ని ముక్కుతో లాగి చూశాడు. తెగలేదు. కాలితో తొక్కిపట్టి మళ్ళీ లాగాడు. అయినా తెగలేదు. ఇంకేం, ఇక జన్మలో మళ్ళీ గూడు కట్టే పని లేదనుకున్నాడు. పట్టాని ముక్కలు ముక్కలుగా చీల్చి మోశాడు, దారంతో కలిపి అల్లాడు. చుట్టుపక్కల గిజిగాళ్ళందరూ వచ్చి, "నీలంగా భలే ఉందే," అన్నారు. దాంతో వాడి కాళ్ళు నేలమీద నిలవలేదు. అసలే నేలమీద నిలిచే జాతి కాదనుకోండి.

గిజిగాళ్ళలో ఒక ఆచారం ఉంది. మగపిట్ట గూడు సగమే అల్లి ఆగుతుంది. ఆడపిట్ట వచ్చి, లోపల కూర్చుని, అటూ ఇటూ లాగి చూసి, సరే అంటేనే మిగతా సగం. ఇంకొకటి కూడా ఉంది. గూటి లోపలి గోడకి తడి బంకమట్టి అంటించాలి. గాలికి గూడు ఎగిరెగిరి పడకుండా ఆ బరువు ఆపుతుంది.

జొన్నమ్మ వచ్చి చూసింది. గోడలు నున్నగా ఉన్నాయి.

"మట్టేదయ్యా?" అంది.

"పెట్టానే. పెట్టినప్పుడల్లా జారి వాగులో పడిపోతోంది. అయినా మట్టి ఎందుకూ, పాతకాలపు చాదస్తం," అన్నాడు పసుపయ్య.

"మట్టే అంటని ఇంట్లో పిల్లల్నెలా పెంచమంటావు?"

"నీకు మట్టి కావాలా, గట్టి ఇల్లు కావాలా?"

జొన్నమ్మకి మనసొప్పలేదు. కానీ అప్పటికే మబ్బులు కమ్ముకొచ్చాయి. గుడ్లు పెట్టే వేళయింది. తక్కిన గూళ్ళన్నీ నిండిపోయాయి. మూతి ముడుచుకునే సరేనంది. పసుపయ్య మిగతా సగం అల్లేశాక లోపలికి వెళ్ళి, మూడు గుడ్లు పెట్టింది.

వానలు కొన్నాళ్ళు మొహం చాటేశాయి. ఎండ చుర్రుమంది. గడ్డి గూళ్ళలో పోచల సందుల్లోంచి గాలి ఆడుతోంది. పసుపయ్య గూట్లో మాత్రం ఉడుకు. జొన్నమ్మ గుమ్మంలోకొచ్చి నోరు తెరుచుకుని రొప్పుతూ కూర్చునేది. ఆ వేడికి ఒక గుడ్డు మురిగిపోయింది. రెండే పిల్లలయ్యాయి.

"ఎండ అందరికీ ఒకటే," అన్నాడు పసుపయ్య. అన్నాడు గానీ, ఆ రోజు గింజ ముట్టలేదు.

తర్వాత వాన వచ్చింది, గాలితో వచ్చింది. బరువులేని గూడు గింగిరాలు తిరిగింది. గుమ్మంలోంచి పడిన జల్లు అడుగున పట్టాలో నిలిచిపోయింది. గడ్డయితే ఎప్పుడో కారిపోయేది. పిల్లలిద్దరూ పొట్టదాకా నీళ్ళలో మునిగి వణికిపోతుంటే, పసుపయ్య ముక్కు నొప్పెట్టేలా పొడిచి పొడిచి పట్టాకి చిల్లు పెట్టాడు.

"వానకి ఎవరి ఇల్లయినా కాస్త తడుస్తుంది," అన్నాడు. ఈసారి గొంతు అంత గట్టిగా లేదు.

పిల్లలకి రెక్కలొచ్చాయి. పెద్దవాడు ఒక పొద్దున తుర్రుమన్నాడు. చిన్నవాడు బుల్లిగాడు కూడా గుమ్మం దాకా వచ్చాడు, రెక్కలు విదిల్చాడు, ఆగిపోయాడు. వల దారం వాడి కాలికి చుట్టుకుంది. లాగినకొద్దీ బిగుసుకుంది.

పసుపయ్య దారాన్ని కొరికాడు, లాగాడు, మెలితిప్పాడు. అది తెగితేగా. మధ్యాహ్నానికి పిల్లాడి కాలు వాచి నల్లబడింది. అరుపు సన్నగిల్లింది.

"నీ ఇల్లు చెక్కుచెదరదు, సరే. నా బిడ్డ పోయేట్టున్నాడు," అంది జొన్నమ్మ.

పసుపయ్య చుట్టూ చూశాడు. పక్క చెట్టు మీద చారలమ్మ అనే ఉడుత ఉంది. గుడ్లెక్కడ తినేస్తుందోనని దాన్ని చూసినప్పుడల్లా పొడిచి తరిమినవాడు వీడే. ఇప్పుడు వీడే వెళ్ళి దాని ముందు వాలాడు.

"చారలక్కా, నా పిల్లాడి కాలు చిక్కుకుంది. నీ పళ్ళు కావాలి," అన్నాడు.

"తరిమిన నోటితోనే పిలుస్తున్నావే," అంది చారలమ్మ. అంటూనే బయల్దేరింది. ముళ్ళు గుచ్చుకుంటున్నా, కొమ్మ ఊగిపోతున్నా, గూటి దాకా పాకింది. దారాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఒక్క పోగు కొరికితే లాభం లేదు తమ్ముడూ. గూడంతా దీంతోనే అల్లావు. ఒకటి వదిలితే ఇంకొకటి బిగుస్తోంది. కాలు రావాలంటే గూడు పోవాలి. ఏం చెయ్యమంటావు?"

పసుపయ్య ఒకసారి గూటి వంక చూశాడు. ఎంత మురిసిపోయి కట్టుకున్నాడని! బుల్లిగాడు అప్పటికే కళ్ళు మూసేస్తున్నాడు.

"కొరికెయ్యక్కా. ఏమీ మిగల్చకు," అన్నాడు.

చారలమ్మ కొరికింది. గూడు అడుగు నుంచి పైదాకా చీలిపోయింది. బుల్లిగాడు బయటపడ్డాడు. పక్క కొమ్మ మీద ఎవరో సగం అల్లి వదిలేసిన గడ్డి గూడు ఉంటే, జొన్నమ్మ వాణ్ణి మెల్లగా అందులోకి చేర్చింది. ఆ వాపు తగ్గడానికి చాలా రోజులే పట్టింది. ఎగరడం వచ్చింది గానీ, ఆ కాలు మాత్రం వంకర పోయింది. వాడు కొమ్మ మీద వాలినప్పుడల్లా పసుపయ్య చూపు తిప్పుకునేవాడు.

మరుసటి తొలకరికి వాగు గట్టున గడ్డి పచ్చగా లేచింది. పసుపయ్య పొద్దున్నే పనిలోకి దిగాడు. చీల్చాడు, మోశాడు, అల్లాడు. సణగలేదు. బుల్లిగాడు ఒంటికాలి మీద నిలబడి చూస్తున్నాడు.

"నాన్నా, ఈ గూడు ఎన్నాళ్ళుంటుంది?" అని అడిగాడు.

"నీ తమ్ముళ్ళు ఎగిరేదాకా."

"ఆ తర్వాత?"

"రాలిపోతుంది. మట్టిలో కలిసిపోతుంది. అక్కడే మళ్ళీ గడ్డి మొలుస్తుంది," అన్నాడు పసుపయ్య. ఇంకో పోచ కోసం గట్టు మీదికి వెళ్ళాడు.

నీతి: ఇల్లు ఎన్నాళ్ళు నిలుస్తుందన్నది కాదు, అందులో ప్రాణాలు ఎంత సుఖంగా ఉంటాయన్నదే ముఖ్యం. ప్రకృతి నుంచి కావలసినంతే తీసుకుని, పనయ్యాక తిరిగి దానికే ఇచ్చేలా బతకాలి.