వంటగది తలుపు

"తప్పు కంటబడ్డాక దిద్దకుండా ఊరుకోవడం కూడా తప్పే కదండీ?" అని విభాకర్ ఒక ఆదివారం తన గురువును అడిగాడు.

గురువు పరాంకుశంగారు రాజమండ్రిలో పాలిటెక్నిక్ పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. మేడమీద గదినిండా కాలం చెల్లిన కంప్యూటర్లు పెట్టుకుని వాటిని మళ్ళీ పలికిస్తూ కూర్చుంటారు. ఊరంతా పారేసినవి మా ఇంటికి కాపురానికొస్తాయని వాళ్ళావిడ ఎత్తిపొడుస్తుంటుంది. పాత ఫ్లాపీ ఏది చేతికొచ్చినా ఆయన మొట్టమొదట చేసే పని ఒకటుంది. ఫ్లాపీ అంచున చిన్న గాటు ఉంటుంది. దానిమీద నల్ల టేపు ముక్క అంటిస్తారు. గాటు మూసుకుపోతే ఫ్లాపీలో ఉన్నది చదవొచ్చు గానీ, దానిమీద కంప్యూటరు ఒక్క అక్షరమైనా రాయలేదు. ఆ తర్వాత నకలు తీస్తారు. ఏ మరమ్మతైనా నకలుమీదే, అసలు జోలికి పోరు.

విభాకర్‌ది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. చురుకైన బుర్ర. ఇతరుల పొరపాట్లు పట్టడంలో అందెవేసిన చెయ్యి. పాత ప్రోగ్రాముల్లో తప్పులు కొట్టొచ్చినట్టు కనిపిస్తున్నా గురువుగారు "ఉండనీవయ్యా" అని వదిలేయడం అతనికి ఎంతకీ మింగుడుపడేది కాదు. చాదస్తం అనుకునేవాడు, పైకి అనేవాడు కాదు. ఆ వేళ ఉండబట్టలేక అడిగేశాడు.

పరాంకుశంగారు బల్లమీదున్న ఒక ఫ్లాపీకి టేపు అంటించి అతని చేతికిచ్చారు.

"సత్యప్రసూన అని ఒకావిడ ఇచ్చి వెళ్ళారు. వాళ్ళన్నయ్య చలపతి రాసిన ఆటట. ఆ అబ్బాయి చిన్నవయసులోనే పోయాడు. వచ్చే ఆదివారం ఆవిడ ఆడుకోడానికి వస్తారు. దీనికి నకలు తీసి పెట్టు" అని చెప్పి, భోజనం చేసి కాసేపు నడుం వాల్చడానికి కిందికి వెళ్ళిపోయారు.

అది బొమ్మలు లేని ఆట. అంతా మాటలే. 'నువ్వు వీధి గదిలో ఉన్నావు' అని తెరమీద వస్తుంది. 'తూర్పుకు వెళ్ళు' అని కొడితే పక్కగదికి పోతాం. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. ఒక మామూలు పెంకుటింట్లో గది తర్వాత గది తిరగడమే ఆట. విభాకర్ ఆడలేదు. అతనికి ఆటకన్నా దాని పేగులు చూడటం సరదా. ప్రోగ్రాము తెరిచి వరసలన్నీ చకచకా దింపుకుంటూ పోయాడు. ఒకచోట అతని కళ్ళు మెరిశాయి. వంటగదినుంచి ఎటు వెళ్ళమన్నా మళ్ళీ వంటగదికే తిప్పి పంపుతోంది. పెరట్లోకి తలుపుంది, అది తెరుచుకోదు. పాపం, ఎవరో కుర్రాడు నేర్చుకుంటూ రాసింది, దారి తప్పాడు అనుకున్నాడు.

రెండు వరసలు మార్చాడు. తలుపు తెరుచుకుంది. ఆ తిప్పి పంపడానికి రాసిన వరసలు కింద గుంపుగా మిగిలాయి. ఇక అటు ఎవరూ వెళ్ళరు కదా, చెత్త దేనికని వాటినీ తుడిచేశాడు. వాటిలో ఏం రాసుందో చదవనైనా లేదు. తీరా భద్రపరచబోతే యంత్రం ఒప్పుకోలేదు. టేపు ఉందిగా! ముందు నకలు తీసి, దానిమీద మళ్ళీ మార్చాలంటే బద్ధకం. అసలైనదే బాగుపడితే ఆవిడ సంతోషించదా అని తనకు తానే సర్దిచెప్పుకుని, గోటితో టేపు పీకేశాడు. పాతదానిమీదే కొత్తది రాసేశాడు. అప్పుడు నకలు తీశాడు. తర్వాత టేపును మళ్ళీ అంటించి, పైన బొటనవేలితో రుద్దాడు. అలా రుద్దుతున్నప్పుడు మాత్రం మనసులో ఎక్కడో కలుక్కుమంది. మంచిపనే చేసినవాడికి టేపు మళ్ళీ అంటించాల్సిన అవసరమేమిటని ఆ వేలే అడిగినట్టయింది. విననట్టు ఊరుకున్నాడు.

మరుసటి ఆదివారం సత్యప్రసూన వచ్చింది. నడివయసు మనిషి, బడిలో లెక్కలు చెబుతుందట. కంప్యూటరు ముందు కుర్చీ అంచున కూర్చుని, రెండే వేళ్ళతో ఒక్కో అక్షరం కొట్టింది. గదిగదికీ "ఇది మా వసారా అండీ... ఇది మామ్మ గది" అని చెబుతూ పోయింది. వంటగదిలోకి రాగానే ఆమె ముఖంలో ముందే నవ్వు వచ్చేసింది. 'ఉత్తరానికి వెళ్ళు' అని కొట్టింది.

'నువ్వు పెరట్లో ఉన్నావు' అంది తెర.

ఆమె నవ్వు కాసేపు అలాగే నిలబడి, మెల్లిగా జారిపోయింది. మళ్ళీ వంటగదిలోకి వచ్చి ఇంకోవైపు ప్రయత్నించింది. అటూ దారి ఇచ్చింది.

"వెళ్ళనివ్వకూడదండీ" అంది అయోమయంగా. "నేను బడినుంచి అన్నయ్య కంప్యూటర్ సెంటరుకి వెళ్ళి, ఆటలో పడి అన్నం డబ్బా ముట్టేదాన్ని కాదు. అందుకని నాకోసం రాశాడు ఇది. వంటగదిలోకి వచ్చానంటే, 'తిన్నాను' అని కొట్టేదాకా కదలనిచ్చేవాడు కాదు. కొట్టబోతే పక్కన నిలబడి డబ్బా చూసేవాడు."

విభాకర్ చెవులు వేడెక్కాయి. తల ఎత్తలేకపోయాడు. గురువుగారు అతనివైపు చూడలేదు. ఫ్లాపీ అంచున ముడతపడిన టేపుముక్కను చూస్తున్నారు.

సత్యప్రసూనే సర్దుకుంది. "పోనీలెండి. ఎప్పటిదో కదా, అరిగిపోయుంటుంది" అంది.

ఎంత సులువైన మాట! అవునండీ అంటే సరిపోయేది. పాతవస్తువులు అరిగిపోతాయని నమ్మనివాళ్ళుండరు. విభాకర్ నోటిదాకా వచ్చిందామాట. కానీ ఆమె చెయ్యి ఇంకా ఆ మీటలమీదే ఉంది. ఆకలిగా ఉన్న పిల్ల చెయ్యిలా ఉంది. అతనికి తనమీద తనకే రోత పుట్టింది.

"అరిగిపోలేదండి" అన్నాడు. "నేను దిద్దాను. తప్పనుకుని తుడిచేశాను. ఆ మాటలు చదవను కూడా లేదండి."

ఆమె మీటలమీదినుంచి చెయ్యి తీసేసింది. తిట్టినా బాగుండుననిపించింది అతనికి. పరాంకుశంగారు కుర్చీ ఆమెకు దగ్గరగా జరుపుకున్నారు.

"మీరు నమ్మి ఇచ్చింది నాకమ్మా. ఇంకొకరి చేతిలో పెట్టింది నేను. ముందు తప్పు నాది" అన్నారు.

అది విన్నాక విభాకర్‌కి నిలుచున్నచోట భూమి చీలితే బాగుండుననిపించింది. "మళ్ళీ రాసిస్తానండి, ఎంతోసేపు పట్టదు" అన్నాడు గబగబా.

"తలుపు వెయ్యడం నీకొచ్చు. మాటలో?" అన్నారు గురువుగారు.

విభాకర్ దగ్గర మాటలు లేవు. పాత అక్షరాలమీదే కొత్తవి పడ్డాయి, వెతికినా దొరికేవి కావు. చివరికి సత్యప్రసూనే కళ్ళు మూసుకుని చెప్పింది. "మొదటిసారి వెళ్ళబోతే, 'ముందు పెరుగన్నం తిను, తలుపు ఎక్కడికీ పారిపోదు' అనేది. రెండోసారి, 'డబ్బా చూపించు, నేనిక్కడే ఉన్నాను.' మూడోసారి..."

కళ్ళు తెరిచింది.

"మూడోసారి ఏదో అనేవాడండి. పగలబడి నవ్వేదాన్ని. నవ్వింది గుర్తుంది, మాట గుర్తు రావట్లేదు." ఆమె కళ్ళు తుడుచుకుంది. "ఎప్పుడు కావాలంటే అప్పుడు ఇందులో ఉంటుంది కదా అని, గుర్తుపెట్టుకోలేదు."

గురువుగారే ముడతపడిన టేపు పీకి ఇస్తే, ఆమె చెప్పినవి చెప్పినట్టు విభాకర్ కొట్టాడు. మూడోది వచ్చేసరికి అతని వేళ్ళు ఆగాయి. ఊరుకోలేకపోయాడు. "అలాంటిదే ఏదైనా సరదామాట పెట్టనాండి?" అన్నాడు.

"వద్దండీ" అంది ఆమె మెల్లిగా. "అది అన్నయ్య అన్నట్టుండదు."

ఆ వరస ఖాళీగా వదిలేశాడు. ఆమె మళ్ళీ ఆడింది. మొదటి మాట వచ్చింది, చిన్నగా నవ్వింది. రెండో మాట వచ్చింది. మూడోసారి 'ఉత్తరానికి వెళ్ళు' అని కొడితే తెరమీద ఏమీ రాలేదు. ఆమె కాసేపు ఆ ఖాళీని చూస్తూ కూర్చుంది. తర్వాత 'తిన్నాను' అని కొట్టింది. తలుపు తెరుచుకుంది.

పరాంకుశంగారు ఫ్లాపీకి కొత్త టేపు అంటించి ఆమెకిచ్చారు. ఆమె ఇద్దరికీ నమస్కారం పెట్టి వెళ్ళింది. విభాకర్‌కి ప్రత్యేకంగా ఏమీ చెప్పలేదు, అతను ఆశించనూ లేదు. మెట్లమీద ఆమె అడుగుల చప్పుడు ఆగిపోయేదాకా తలవంచుకునే ఉన్నాడు.

అప్పుడు గురువుగారు ఆ ఆటకి ఇంకో నకలు తీసి అతని చేతిలో పెట్టారు. దానికి టేపు అంటించలేదు.

"మొన్న నువ్వు దిద్దినప్పుడు ఇందులో తప్పేమీ లేదయ్యా" అన్నారు. "ఇప్పుడుంది. దాన్ని దిద్దకుండా ఉండగలవేమో చూడు."