బుర్రావారు మోరిస్ కారు తెచ్చిన వైనం

కొత్తరేవులో తెలివెవరికుందని అడిగితే బుర్రావారి అన్నదమ్ములు ముగ్గురూ ఒకేసారి చెయ్యెత్తుతారు. ఇంటిపేరే బుర్రా, ఇంక వేరే రుజువెందుకని వాళ్ళ ధీమా. పెద్దవాడు కొండలరావు, నడిమివాడు భద్రం, చిన్నవాడు నూకరాజు. పెళ్ళిళ్ళకి షామియానాలు, కుర్చీలు, బుడగల డెకరేషన్లు అద్దెకిచ్చే కొట్టు వాళ్ళది. గోడకి ఇవతల మా ఇల్లు, అవతల వాళ్ళిల్లు. ఇన్నేళ్ళుగా వాళ్ళ మాటలు వినీ వినీ నేనింకా మామూలుగానే ఉన్నానంటే అది నా గొప్పే.

"మనకి పొరపాట్లెందుకు జరగవో తెలుసా?" అంటాడు కొండలరావు రోజూ కాఫీ తాగుతూ. "ఎవరు చెప్పింది వాళ్ళు చెప్పినట్టే చేస్తాం. సొంత కవిత్వం కలపం." తమ్ముళ్ళిద్దరూ తలూపుతారు. అంతే, ఆ ఇంట్లో తెలివి గురించి చర్చ ముగిసినట్టే.

వాళ్ళమ్మ మంగాయమ్మగారు మాత్రం అసలైన తెలివిగలావిడ. ఆవిడ భర్త సోమన్న పూర్వం ఇక్కడి దొరగారి దగ్గర డ్రైవరు. దొరగారికో నల్ల మోరిస్ కారుండేది. బతికినంతకాలం సోమన్న దాన్ని కడిగాడు, తుడిచాడు, నడిపాడు. పెళ్ళాన్ని మాత్రం ఒక్కసారీ ఎక్కనివ్వలేదు. "మన కారు కాదే" అనేవాడు. కొండలరావు పుట్టేటప్పుడు నొప్పులొస్తుంటే మంగాయమ్మగారు ఒంటెద్దు బండిలో ఆస్పత్రికి పోయింది. కారు ఆ బండి పక్కనుంచే పోయింది. తోలుతున్నది మొగుడు, వెనక సీట్లో ఉన్నది దొరగారి కుక్క. ఆ సంగతి ఆవిడ ఇప్పటికీ నిన్న జరిగినట్టే చెబుతుంది.

ఈమధ్య ఆవిడకి మోకాళ్ళు బాగా పట్టేశాయి. "ఒరే, నేను మంచాన పడేలోపు ఆ కారు వెనక సీట్లో కూర్చుని మన ఊరి వీధులన్నీ ఒక్కసారి తిరగాలిరా. ఇంకేం అడగను" అంది. కొడుకులకి తెలివి లేకపోయినా తల్లంటే ప్రాణం. ఆరా తీశారు. దొరగారి వారసులు అమ్మేస్తే, చేతులు మారీ మారీ ఆ కారు మదనపల్లెలో ఒక రెడ్డిగారి పెరట్లో తేలింది. కొనేశారు. తెచ్చుకోవడానికి ముగ్గురూ రైలెక్కారు.

పెరట్లో రేకుల షెడ్డు కింద కారు నాలుగు ఇటుకల దిమ్మల మీద నిలబడి ఉంది. ఇంజను చచ్చి చాలా కాలమైంది. రెడ్డిగారు నిజాయితీపరుడు. బానెట్టు మీద చెయ్యేసి, "చూడండప్పా, నేను ఉండేది ఉండేట్టుగానే అమ్ముతాండా. రేపు పొద్దున అది లేదు, ఇది లేదు అనకూడదు" అన్నాడు.

ఇంకేముంది, అన్నదమ్ములు ఆ మాట పట్టుకున్నారు. ఉన్నది ఉన్నట్టు అంటే ఇటుకలు కూడా వస్తాయి. పైన రేకులూ వస్తాయి. వెనక సీట్లో ఒక కోడి గుడ్లు పొదుగుతోంది.

"ఆ కోడిని దించుకుంటానుండు" అన్నాడు రెడ్డిగారు.

"అదెలా కుదురుద్దండీ?" అన్నాడు భద్రం. "ఉన్నది ఉన్నట్టన్నారు. మీరన్నప్పుడు కోడి ఉంది."

"అది మా ఇంటి కోడప్పా."

"కారు కూడా మొన్నటిదాకా మీ ఇంటిదేనండి."

రెడ్డిగారు బానెట్టు మీద చెయ్యి తీసి తల గోక్కున్నాడు. ఇంతలో నూకరాజు అన్నగారి చెవి దగ్గర గుసగుసలాడాడు. "అన్నయ్యా, ఆ మాటన్నప్పుడు రెడ్డిగారి చెయ్యి కూడా కారు మీదే ఉంది." ముగ్గురూ రెడ్డిగారి వైపు ఆలోచనగా చూశారు. కొండలరావు మర్యాదగా, "తమరికి రెండు జతల బట్టలు సర్దుకోవడానికి టైం ఇస్తామండి" అన్నాడు. రెడ్డిగారు లోపలికి పోయి తలుపేసుకున్నాడు. కోడి గురించి మళ్ళీ ఎత్తలేదు.

సామాను మోసే లారీ ఒకటి మాట్లాడారు. డ్రైవరు పేరు మస్తాన్. చాలా ఊళ్ళు తిరిగినవాడు, ఓర్పుగలవాడు. అప్పటికి ఓర్పుగలవాడని అర్థం. ఈ కథ నాకు అతనే చెప్పాడు, మధ్యమధ్యలో మంచినీళ్ళు తాగుతూ.

పలకలు వేసి, కారుని తోసి లారీ ఎక్కించారు. మస్తాన్ చూసి, "టైర్లలో కొంచెం గాలి తీసేయండప్పా. లారీ ఎగిరినా కారు ఎగరకుండా కూర్చుంటది" అని టీ తాగడానికి పోయాడు.

గాలి తియ్యమన్నాడు సరే. తీసిన గాలి ఎక్కడ పెట్టాలి? ఇంటి దగ్గర తల్లి మరీ మరీ చెప్పి పంపింది, దారిలో ఏదీ పోగొట్టకండిరా అని. ఆలోచించి ఆలోచించి భద్రం సంచిలోంచి కొట్టు బుడగలు తీశాడు. మస్తాన్ తిరిగొచ్చేసరికి టైర్లు చప్పబడి ఉన్నాయి, లారీ చుట్టూ ఎర్రవీ పచ్చవీ బుడగలు వేలాడుతున్నాయి.

"ఏందివి?" అన్నాడు మస్తాన్.

"పాత గాలండి. మా నాన్న కొట్టిన గాలేమో, ఎవరికి తెలుసు?" అన్నాడు నూకరాజు. "జాగ్రత్తగా తోలండి, పేలిందంటే మళ్ళీ దొరకదు."

మస్తాన్ ఒక బుడగని వేలితో నొక్కి చూశాడు. అప్పటికి అతనికి వాళ్ళు కొత్త. "సరే, ఇంక తాళ్ళతో బిగించి కట్టండి. కారు అంగుళం కూడా కదలకూడదు" అని సీటెక్కాడు.

దేనికి కట్టాలి? లారీకి కడదామంటే, లారీయే కదిలే సరుకు. దానికి కట్టినది కదలకుండా ఎలా ఉంటుంది? ముగ్గురూ నాలుగు దిక్కులూ చూశారు. రెడ్డిగారి గేటు స్తంభం కనపడింది. పుట్టి బుద్ధెరిగి అది కదిలిన దాఖలా లేదు. కారు వెనక బంపరుకి తాడు కట్టి, రెండో కొస ఆ స్తంభానికి నాలుగు చుట్లు చుట్టి ముడేశారు. షామియానా ముడి, ఊడదు. "రైట్" అన్నాడు కొండలరావు. మస్తాన్ గేరేశాడు.

ఊడలేదు మరి. స్తంభమే ఊడింది. గేటుతో సహా రోడ్డు మీదికొచ్చింది. రెడ్డిగారు కిటికీలోంచి చూస్తూ కూడా బయటికి రాలేదు, ఆయన భయం ఆయనది. గేటుకి డబ్బు ఆ కిటికీలోంచే ఇచ్చి, స్తంభాన్ని కూడా లారీలో పెట్టుకున్నారు, కారు కదలకుండా ఉండాలంటే అది తోడుండాలి కదా అని. అసలు తాళ్ళు మస్తానే కట్టుకున్నాడు.

నెల్లూరు దాటాక ఆకాశం మబ్బు పట్టింది. మస్తాన్ కేబిన్‌లోంచి వెనక్కి కేకేశాడు. "వానొస్తే నన్ను అడగబాకండి. అద్దాలు తడిస్తే పాతకారు లోపలంతా నీళ్ళు దిగుతాయి. అద్దాలన్నీ కప్పేయండి." ముగ్గురూ వెనక కారు పక్కనే కూర్చుని ఉన్నారు. కాసేపటికి చినుకులు మొదలయ్యాయి. కొట్లోంచి వెంట తెచ్చుకున్న షామియానా గుడ్డ తీసి కారుకి ముందద్దం, వెనకద్దం, పక్క అద్దాలు కప్పారు. ఇంకా గుడ్డ మిగిలింది.

"అద్దాలన్నీ అన్నాడు" అన్నాడు భద్రం. "లారీకి కూడా ఒకటుందిగా, పేద్దది."

అంతే. నూకరాజు కేబిన్ పైకి పాకి, మిగిలిన గుడ్డ ముందుకి వదిలాడు. నడుస్తున్న లారీ. మస్తాన్‌కి పట్టపగలు చీకటైపోయింది. బ్రేకు మీద నిలబడ్డాడు. లారీ రోడ్డు దిగి వరిచేలో నడుముదాకా బురదలో ఆగింది. దేవుడి దయ, ఎవరికీ ఏమీ కాలేదు. కోడి ఒకసారి లేచి, మళ్ళీ కూర్చుంది.

"నీకేమన్నా పిచ్చా?" అని మస్తాన్ కాలర్ పట్టుకుంటే నూకరాజు నొచ్చుకున్నాడు. "మీరే అడగొద్దన్నారు కదండీ. లేకపోతే అడిగేవాణ్ణే." ట్రాక్టరుతో లాగించి రోడ్డెక్కించాక మస్తాన్ ఇంక వాళ్ళకే పనీ చెప్పలేదు. నోరు కట్టుకుని కొత్తరేవు దాకా తోలాడు.

లారీ వచ్చిన పొద్దున్న చూడ్డానికి మా వీధి వీధంతా వచ్చింది. మంగాయమ్మగారు గుమ్మంలో కుర్చీ వేయించుకుని కూర్చుంది, పట్టుచీర కట్టుకుని. లారీ ఆగగానే ఆవిడ కళ్ళు నీళ్ళతో నిండిపోయాయి. మస్తాన్ మాత్రం కిందికి దూకి, "పెద్దమ్మా, ఇంజను పనిచేయదు. తిరగదు ఈ కారు" అన్నాడు. ఆ మాట ఎవరో ఒకరు చెప్పాలి కదా. ఆవిడ మొహం వాడిపోయింది. కొడుకులు తిరగని కారు కొన్నారని ఆవిడకి అప్పుడే తెలిసింది. నాకు చూడబుద్ధి కాలేదు.

కొంగుతో కళ్ళు తుడుచుకుని, "పోనీలే. కూర్చోవడమన్నా కూర్చుంటా. దించే ముందే ఎక్కించండి నన్ను, కార్లో కూర్చునే మనింటి ముందు దిగుతా" అంది.

మస్తాన్ ఆకలితో ఉన్నాడు. "హోటల్లో తినొస్తా. ఆలోగా మీ సామానంతా దించుకోండి" అనేసి వెళ్ళిపోయాడు. అన్నదమ్ములు ఇటుకలు దించారు, రేకులు దించారు, స్తంభం దించారు, బుడగలు ఒక్కొక్కటీ లెక్క చూసుకుంటూ దించారు, గుడ్లతో సహా కోడిని బుట్టలో దించారు. తల్లిని కుర్చీతో సహా పైకెత్తి కారు వెనక సీట్లో కూర్చోబెట్టారు. అమ్మ కారు దిగేచోట ఎండ తగలకూడదని ఇంటి ముందు షామియానా వేశారు, చుట్టూ పరదాలు కట్టారు. అంతా అయ్యాక ముగ్గురూ లోపలికి పోయి మజ్జిగ తాగుతున్నారు.

చూడవచ్చిన మేమంతా అప్పటికే ఎవరిళ్ళకి వాళ్ళం పోయాం. మస్తాన్ తిరిగొచ్చాడు. లారీకి పక్క చెక్కలు ఎత్తు, కారేమో పొట్టిది, కిందనుంచి చూస్తే ఏమీ కనపడదు. గుమ్మంలోంచి అడిగాడు.

"సామానంతా దించేసినారా?"

"దించేశామండి. పెంకు ముక్క కూడా మిగల్లేదు" అన్నాడు భద్రం.

"ఈ పరదాలు కారుకేనా?"

"కారుకేనండి."

"అయితే నేను పోవచ్చా?"

"అయ్యో, తమరిష్టం. మేమెవరం కాదనడానికి?"

మస్తాన్‌కి కావలసింది అదే. ఆ ఇంటికి దూరంగా ఉన్న ప్రతి ఊరూ అతనికి ముద్దొస్తోంది. లారీ ఎక్కాడు, పోయాడు.

ఊరు దాటాక వెనకనుంచి హారన్ వినపడింది. పక్కకి తప్పుకుని దారిచ్చాడు. ఎవరూ దాటలేదు. మళ్ళీ హారన్. మళ్ళీ తప్పుకున్నాడు. అలా చాలా దూరం పోయాక విసుగొచ్చి, ఎవడురా వీడని బండాపి దిగి చూశాడు. రోడ్డు మీద పురుగు లేదు. హారన్ మాత్రం మోగుతూనే ఉంది, లారీ లోపలే. ఎక్కి చూస్తే కార్లో మంగాయమ్మగారు, ముందుకి వంగి స్టీరింగు పక్కనున్న రబ్బరు బూర నొక్కుతోంది. "ఆపావేం నాయనా, బాగానే పోతోందిగా" అంది.

ఇక్కడ ఇంట్లో కొండలరావు మజ్జిగ గ్లాసు దించి, "లారీలో సామాను లేదు గానీ అమ్మ ఉందిరా" అన్నాడు. ఇంకేముంది, ముగ్గురూ పంచెలు ఎగ్గట్టి పరిగెత్తారు. ఊరి మొదట్లో నడిరోడ్డు మీద ఆయాసపడుతుంటే ఫోను మోగింది. మస్తాన్. "మీ అమ్మ నా దగ్గర భద్రంగా ఉంది. వెనక్కి వస్తాండా. మీకో దండం, మీరు ఎక్కడుండారో అక్కడే ఉండండి. నేనొచ్చేదాకా ఒక్కడుగు కదలబాకండి."

కదల్లేదు. ఎండలో నడిరోడ్డు మీద వరసగా నిలబడిపోయారు. బస్సు ఆగింది, కదల్లేదు. ఆటోలు ఆగాయి, కదల్లేదు. కండక్టరు తిట్టాడు. "కదలొద్దని మాకు చెప్పారండి" అన్నాడు కొండలరావు. రెండు వైపులా బళ్ళు బారులు తీరాయి. ఎట్టకేలకు లారీ వచ్చింది. ఉక్కపోస్తోందని మంగాయమ్మగారంటే మస్తాన్ ఒక పక్క చెక్కలు దించేశాడు. కారు, కార్లో పట్టుచీరలో ఆవిడ, అందరికీ కనపడుతున్నారు.

మస్తాన్ తల బయటపెట్టి, "కదలండప్పా ఇంక. నడవండి ముందుకి" అన్నాడు.

నడిచారు. ముగ్గురూ ఒకే వరసలో, చేతులూపుకుంటూ, నడిరోడ్డు మీద. పక్కకి తప్పుకోమని ఎవరూ చెప్పలేదు. వెనక లారీ, లారీ వెనక బస్సు, బస్సు వెనక ఆటోలు. చేపల బజారు దాటారు. సినిమా హాలు దాటారు. ఊరేగింపనుకుని జనం గుమ్మాల్లోకి వచ్చారు. ఎవరో ఇల్లాలు హారతి పట్టుకొచ్చింది. మేడమీదనుంచి ఒకాయన పూలు చల్లాడు. మంగాయమ్మగారు కిటికీలోంచి చెయ్యూపుతోంది, బూర నొక్కుతోంది, నవ్వుతోంది, ఏడుస్తోంది. ఆస్పత్రి ముందునుంచి పోతున్నప్పుడు నడుము నిటారుగా పెట్టి కూర్చుంది. అప్పటికి జనంతో పాటు వెంట నడుస్తున్న నాకూ కళ్ళు చెమర్చాయి, దాచుకోవడం ఎందుకు?

మా వీధిలోకి వచ్చారు. షామియానా ముందుకి వచ్చారు. ముగ్గురూ దాన్ని చూశారు, నడుస్తూనే దాటిపోయారు. వీధి చివర మలుపు తిరిగి పక్కవీధిలోకి వెళ్ళిపోతుంటే మస్తాన్ కంగారుపడి వెనక్కి తిరిగి కేకేశాడు.

"పెద్దమ్మా, మీ ఇల్లు దాటిపోతాండారు. ఆగమని చెప్పనా?"

"ఇప్పుడే వద్దు నాయనా" అంది మంగాయమ్మగారు సీట్లో వెనక్కి వాలుతూ. "ఒకసారి ఆగమన్నామంటే, మళ్ళీ వాళ్ళని కదపడం మన వల్ల కాదు."