జారిపోయే రంపం

తెనాలిలో ఏసురత్నం గేట్లు, కిటికీ గ్రిల్స్ చేసేవాడు. పోయినేడు ఒక మేడ మీద గ్రిల్ బిగిస్తూ కిందపడ్డాడు. అప్పట్నుంచి కుడి భుజం సరిగా కుదురుకోలేదు. చేత్తో ఇనుము కోసే హాక్సా లాగలేడు. గ్రైండరు పట్టుకుంటే ఆ అదురుకి చెయ్యి తిమ్మిరెక్కిపోతుంది. ఇక ఈ పని మానుకోమన్నారు ఇంట్లోవాళ్ళు.

మానబుద్ధి కాక, ఇంటి వెనక రేకుల షెడ్డులో సొంతంగా బ్యాండ్ సా కట్టడం మొదలుపెట్టాడు. పైనొక చక్రం, కిందొక చక్రం, రెండింటినీ చుట్టి తిరిగే రంపం బ్లేడు, ఒక పాత మోటారు. ఇనుమును బల్ల మీద మెల్లగా నెడితే చాలు, రంపమే కోసుకుంటుంది.

కానీ బ్లేడు నిలవలేదు. మోటారు వెయ్యగానే చక్రం అంచుకి పాకి ఊడిపడేది. చక్రాలు మార్చాడు. బిగువు పెంచాడు. ఫోన్లో వీడియోలు చూస్తే ఒకాయన చెప్పింది ఇంకొకాయన కాదన్నాడు. చివరికి బ్లేడుకి అటూ ఇటూ, వెనకా బేరింగులు పెట్టి, కదలకుండా నొక్కి బిగించాడు. ఈసారి ఊడలేదు, తెగింది.

ఏం చెయ్యాలో పాలుపోక, తనకి పని నేర్పిన దావూద్ మేస్త్రికి ఫోన్ చేశాడు. పెద్దాయన సాయంత్రానికి వచ్చాడు.

"ఇన్ని బేరింగులు పెట్టినా ఎందుకు తెగిందండీ గురువుగారూ?"

దావూద్ మేస్త్రి పానా అడిగి తీసుకుని, బేరింగులన్నీ ఊడదీసి పక్కన పెట్టాడు.

"అవి లేకపోతే అసలే నిలవదండీ!"

మేస్త్రి విననట్టే కొత్త బ్లేడు ఎక్కించి, మోటారు ప్లగ్గు పీకేసి, చక్రాన్ని చేత్తో తిప్పసాగాడు. బ్లేడు కొంచెం కొంచెంగా అంచుకి జరుగుతోంది. ఏసురత్నం కంగారుగా పై చక్రం వాలు మార్చే బోల్టు బిగించబోయాడు. మేస్త్రి అతని చెయ్యి పక్కకి తీశాడు.

"ఏం చేస్తున్నారండీ?"

"అదెటు పోతుందో చూస్తన్నా."

"అంచుకే పోతుంది. అదేగా నా బాధ!"

"పోతా ఉంటే ఎప్పుడన్నా చూశావా?"

ఏసురత్నం ఊడిపోయాక చూశాడు. తెగిపోయాక చూశాడు.

మేస్త్రి చక్రం అతనికి వదిలేసి, స్టూలు మీద కూర్చుని టీ తాగసాగాడు. ఏసురత్నం ఎడంచేత్తో తిప్పాడు. పై చక్రం వెనకున్న ఆ బోల్టు రవ్వంత వదులు చేసి, మళ్ళీ తిప్పాడు. బ్లేడు నిదానించింది.

"నేను పడ్డప్పుడు మీరు చూడ్డానికి రాలేదండీ," అన్నాడు తల తిప్పకుండానే.

"అప్పుడు నీ చుట్టూ చాలామంది ఉన్నార్రా."

అది ఓదార్పో, సాకో అతనికి అర్థం కాలేదు. తిప్పుతూనే ఉన్నాడు. బోల్టు ఇంకొంచెం వదిలాడు. బ్లేడు అంచు నుంచి వెనక్కి వచ్చి, చక్రం నడిమధ్యన కుదురుకుంది. ఎంత తిప్పినా పక్కకి పోలేదు.

"ఇప్పుడు బేరింగులు పెట్టు," అన్నాడు మేస్త్రి.

"ఎంత ఆనించమంటారు?"

"ఆనించకు."

"ఆనకపోతే ఇంకెందుకండీ అవి?"

మేస్త్రి లేచి, కాయితం ముక్క ఒకటి మడిచి బ్లేడుకీ బేరింగులకీ మధ్యలో పెట్టి, అంత సందు ఉంచి తనే బిగించాడు. తర్వాత కాయితం తీసేసి, ప్లగ్గు పెట్టి మోటారు వేశాడు. బ్లేడు సాఫీగా తిరుగుతోంది. బేరింగులు కదలడం లేదు.

ఏసురత్నం ఒక ఇనప కడ్డీని రంపానికి మెల్లగా నెట్టాడు. పళ్ళు పట్టుకున్నాయి. ఆ ఒత్తిడికి బ్లేడు వెనక్కి వంగి బేరింగుని తాకింది. బేరింగు గిర్రున తిరిగింది. ముక్క తెగి కింద పడగానే బ్లేడు ముందుకొచ్చింది. బేరింగు దానంతటదే ఆగిపోయింది.

దావూద్ మేస్త్రి చెప్పులు వేసుకున్నాడు.

"రేపొకసారి వచ్చి చూస్తారా గురువుగారూ?"

"పని పడితే పిలువు," అని వెళ్ళిపోయాడు.

ఏసురత్నం మళ్ళీ కడ్డీ నెట్టాడు. బేరింగు తిరిగింది. వెనక్కి తీశాడు. ఆగింది. కొయ్యాల్సిందేమీ లేకపోయినా చాలాసేపు అలా చేస్తూనే ఉండిపోయాడు.