రాజుగారి మెడలో వంగేది

నమ్మనివాళ్ళు ముందే చేతులెత్తండి. ఇప్పుడు చెప్పబోయేదాంట్లో ఆవగింజంత అబద్ధం పట్టుకున్నవాడికి, ఎన్నో రాజసభల్లో చప్పట్లు అందుకున్న నా కుడి మీసం గొరిగి పళ్ళెంలో పెట్టి ఇస్తాను. ఎవరూ ఎత్తలేదా? అయితే వినండి.

ఒక రాజుకి మెడ ఉండేది. అందరికీ ఉంటుంది, కానీ ఆయనది వంగని మెడ. పొరుగు రాజులొచ్చినా వంగలేదు, గురువొచ్చినా వంగలేదు. గుమ్మం నెత్తికి తగిలితే గుమ్మాన్నే పైకి జరిపించాడు.

ఆ మెడలో వెనకవైపు ఏడు ఎముకలు. ఏడుగురు అన్నదమ్ముల్లా ఒకరి నెత్తిన ఒకరు నిలబడి తలని మోస్తుండేవారు. ముందువైపు రెండు గొట్టాలు. ముందున్నది గాలిది, దాని వెనకది అన్నానిది. గాలిగొట్టం మీద తమలపాకు ముక్కంత మూత ఒకటి. ముద్ద వచ్చినప్పుడల్లా అది వంగి గాలిగొట్టాన్ని కప్పేది. ముద్ద దానిమీదుగా జారి వెనక గొట్టంలోకి పోయేది. మూత కిందే గాలి తగిలితే పాడే రెండు తీగలు, ఇద్దరు అక్కచెల్లెళ్ళు, కాపురముండేవారు.

ఒకనాడు రాజు చాటించాడు: "నా మెడలో వంగేది ఏదీ ఉండకూడదు!"

అన్నదమ్ములు మూతని చూసి విరగబడి నవ్వారు. నాకెలా వినబడిందంటారా? ఆ రోజుల్లో చీమలు పోట్లాడుకుంటే తప్పెవరిదో చెప్పేవాణ్ణి.

"ఏమే, ముద్దముద్దకీ దండాలు పెట్టేదానా! మా పరువు తీస్తున్నావు కదే," అన్నాడు పైనున్న పెద్దన్న.

"నేను వంగకపోతే..."

"వంగకపోతే ఏమవుతుంది? మమ్మల్ని చూడు. స్తంభాలం!"

మూతకి రోషం వచ్చింది. బిగుసుకుని నిలబడింది.

"అక్కా, మా కొంప ముంచకే!" అని మొత్తుకున్నారు కింది అక్కచెల్లెళ్ళు.

"రాజాజ్ఞ తల్లీ," అంది మూత.

సరిగ్గా అప్పుడే భోజనశాలలో నేను రాజుగారికి కథ చెబుతున్నాను. నా కథలకి గోడలు కూడా నవ్వి సున్నం రాల్చేవి. రాజు పూతరేకు నోట్లో పెట్టుకుని పకాలున నవ్వాడు. చక్కెర పొడి గొంతులోకి వచ్చింది. మూత వంగలేదు. పొడి తిన్నగా గాలిగొట్టంలోకి దిగి అక్కచెల్లెళ్ళ నెత్తిన పడింది.

పొలమారింది!

ఆ దగ్గుకి దీపాలు ఆరాయి, గజశాలలో ఏనుగులు చతికిలబడ్డాయి. రాజు మొహం వంకాయ రంగుకి తిరిగింది. ఊపిరి లోపలికీ పోదు, బయటికీ రాదు.

"ఎవరో తలచుకుంటున్నారు ప్రభూ!" అంది పంక్తంతా చేతులు కట్టుకుని. రాజుగారి మెడ ముట్టుకునే ధైర్యం ఎవరికుంది?

రాజు మేనత్తకుంది. "తలచుకున్నది యముడురా సన్నాసుల్లారా!" అంటూ ఒక్క ఉదుటున లేచింది. "వంగరా అబ్బాయ్!" అని మెడ పట్టి వంచి, వీపు మీద ఫెళ్ళుమని చరిచింది. ఏడుగురు స్తంభాలూ చాపలా చుట్టుకుపోయారు. కిరీటం పులుసు గిన్నెలో పడింది. పొడి బయటికొచ్చింది, గాలి లోపలికి పోయింది.

లోపల పెద్దన్న మూలిగాడు. "చెల్లీ, ఒక్కసారి వంగితేనే ప్రాణం పోయినంత పనైంది. నువ్వు రోజంతా ఎలా వంగుతావే?"

రాజు మంచినీళ్ళు తాగుతున్నాడు. గుక్కగుక్కకీ మూత వంగుతూ లేస్తూ ఉంది.

ఆనాటినుంచీ రాజు ముద్ద మింగినప్పుడల్లా, మళ్ళీ పొలమారకుండా, తల కాస్త దించడం అలవాటు చేసుకున్నాడు. ఎదురుగా ఉన్నవాళ్ళకి అది మరోలా కనబడింది. ఒక్క పన్నూ తగ్గలేదు, అయినా ఊరూరా జనం, మా రాజంతటి మంచివాడు లేడని చెప్పుకోసాగారు.

అబద్ధమంటారా? మర్నాడు పప్పు వడ్డించిన బొడ్డు గవరయ్యని అడగండి. రాజుగారే తనకి ముందుగా నమస్కారం పెట్టారని ఇప్పటికీ రొమ్ము విరుచుకుని తిరుగుతున్నాడు.