కోయిలను తోలే పని

నాగలింగస్వామిని ఎవరైనా ప్రశ్న అడిగితే ఆయన జవాబు చెప్పేవాడు కాదు, పని చెప్పేవాడు. ఆత్మ అంటే ఏమిటని అడిగినవాణ్ణి బావి పూడిక తీయమన్నాడు. మాయ సంగతి అడిగినవాడికి మఠంలో పిల్లికి పాలు పోసే పని అప్పగించాడు. అందుకే కొండ కింద ఉన్న ఆ చిన్న మఠంలో ప్రశ్నలు తక్కువ, పనులు మాత్రం ఎప్పటికప్పుడు పూర్తయ్యేవి. ఈ సంగతి తెలిసి కూడా ఉరుకుందప్ప ఒక ప్రశ్న అడిగాడు. పాపం, అడగక తప్పని ప్రశ్న అది.

ఉరుకుందప్ప సగం బతుకు మగ్గం మీద గడిపి, ఆ మగ్గాన్ని కొడుక్కి అప్పజెప్పి, కావి కట్టాలని వచ్చినవాడు. ఈ ఉగాదికి దీక్ష ఇస్తానని స్వామి మాటిచ్చాడు. అయితే ఆ మఠంలో ఒక ఆచారం ఉంది. దీక్ష తీసుకునేవాడు ఉగాది పొద్దున అందరి ముందూ నిలబడి, తనకు అన్నిటికంటే ఇష్టమైనది ఏదో చెప్పి, బతికినంతకాలానికీ దాన్ని అక్కడే వదిలేయాలి. ఆ తర్వాతే స్వామి చేతినుంచి కావిగుడ్డ అందుతుంది. ఒకాయన నశ్యం వదిలాడు. ఇంకొకాయన బెల్లం వదిలాడు. తమ్ముడితో పొలంగట్టు తగాదాను కన్నబిడ్డలా పెంచుకున్న ఒక రైతు, కళ్ళనీళ్ళు పెట్టుకుని మరీ దాన్ని వదిలాడు.

ఉరుకుందప్పకు వచ్చిన చిక్కల్లా, వదలడానికి తన దగ్గర ఏమీ లేకపోవడం. ఎంత వెతుక్కున్నా ఇష్టమైనది ఒక్కటీ దొరకలేదు. కూర ఉప్పగా ఉన్నా చప్పగా ఉన్నా అతనికి ఒకటే. మనవరాలు పుట్టిందని కబురొస్తే మంచిదన్నాడు. ఇంట్లో పాత మగ్గం విరిగిందని కబురొస్తే దానికీ మంచిదే అన్నాడు. ఇది వైరాగ్యం పండటం కాక మరేమిటని లోపల కాస్త గర్వం కూడా ఉండేది. ఆ గర్వంతోనే వెళ్ళి అడిగాడు.

"స్వామీ, నాకు దేనిమీదా ఇష్టం లేదు. ఇంక నేనేం వదలాల?"

స్వామి మామిడితోపు వైపు చూశాడు. తోపు నిండా పిందెలు పడుతున్న రోజులవి. ఆ తోపులో కోయిల ఒకటి చేరి తనకు పగటిపూట కునుకు పట్టనీయడం లేదనీ, ఉగాది దాకా దాన్ని తోలుతూ ఉండమనీ చెప్పి అటు తిరిగి పడుకున్నాడు.

జొన్నచేలో పిట్టలు తోలేవాడిలా ఉరుకుందప్ప రాళ్ళు విసిరే వడిసెల భుజాన వేసుకుని తోపులోకి వెళ్ళాడు. కోయిల కనబడితే కదా తోలడానికి. ఈ చెట్టులోంచి కూ అంటుంది. ఇతను రాయి విసిరేలోపల ఆ చెట్టులోంచి కూ అంటుంది. ఎండలో తిరిగి తిరిగి విసుగెత్తి ఒక చెట్టు కింద కూలబడ్డాడు. అది మళ్ళీ కూ అంది. అతను అనుకోకుండానే అతని నోరు కూ అంది. ఉరుకుందప్ప అదిరిపడి ఎవరైనా విన్నారేమోనని చుట్టూ చూశాడు. కోయిల ఒక్క క్షణం ఆగి ఇంకొంచెం గొంతు పెంచింది. ఊరుకుంటే ఓడినట్టవుతుంది గనుక అతనూ పెంచాడు. అది ఇంకా పెంచింది. అలా పైకి పోయి పోయి చివరకు అతని గొంతు చీలి దగ్గొచ్చింది, దగ్గులోంచి నవ్వొచ్చింది, ఎందుకో తెలియదుగానీ ఏడుపు కూడా వచ్చింది.

చిన్నప్పుడు అమ్మ అన్నానికి పిలిస్తే, పెరటి చెట్టు మీది కోయిల నోరు మూసేదాకా అతను లోపలికి వచ్చేవాడు కాదు. వీడికి ఆకలి లేదమ్మా, కోయిలతో తగువుంది అని ఆమె పక్కింటివాళ్ళతో చెప్పి నవ్వేది. ఆ తగువు ఎప్పుడు మానాడో ఎంత ఆలోచించినా గుర్తుకు రాలేదు. మానమని ఎవరూ చెప్పలేదు. ఏ ఉగాదికీ ఎవరి ముందూ నిలబడి వదలనూ లేదు. వదలకుండానే అది ఎలా పోయిందో ఉరుకుందప్పకు బోధపడలేదు.

సాయంత్రం స్వామి కోయిల పోయిందా అని అడిగాడు. పోలేదని ఉరుకుందప్ప ఒప్పుకున్నాడు.

"పోకపోగా ఇంకోటి చేరినట్టుందే" అన్నాడు స్వామి. "రెండోది కొంచెం బొంగురు."

ఉరుకుందప్ప తేలు కుట్టిన దొంగలా అక్కణ్ణుంచి జారుకున్నాడు.

మర్నాటినుంచి వడిసెల తీసుకుపోవడం మరిచిపోయాడు, పోవడం మాత్రం మరవలేదు. రాలిన పిందెను ఉప్పూకారంలో అద్దుకుని, పులుపుకు ఒక కన్ను మూసుకుని తినడం అతనికి మళ్ళీ వచ్చింది. కూరలో ఉప్పు తగ్గిందని ఒకరోజు నోరు తెరిచి అంటే, వంట చేసే ముసలాయన గరిటె పట్టుకుని అలాగే చూస్తూ ఉండిపోయాడు. ఊరికి పోయేవాడెవడో కనబడితే, మనవరాలికి ఏం పేరు పెట్టారో కనుక్కురమ్మని చెప్పాడు. రాత్రి పడుకుంటే మాత్రం భయం వేసేది. ఇన్నేళ్ళ వైరాగ్యం పోయి పోయి ఒక పిట్ట పాలైందా? లేక అప్పుడున్నది అసలు వైరాగ్యమే కాదా? ఏది ఎక్కడమో ఏది జారడమో తేల్చుకోలేకపోయాడు.

ఉగాది దగ్గరపడేకొద్దీ దిగులు ముదిరింది. ఉన్నది చెబితే దాన్ని వదలాలి. ఇక ప్రతి వసంతానికీ కోయిల పిలుస్తుంది, తను నోరు కట్టుకుని కూర్చోవాలి. చెప్పకపోతే గురువు ముందు అబద్ధమాడి, ఆ అబద్ధం మీద కావి కట్టాలి. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అన్నట్టుంది అతని పని.

ఉగాది పొద్దున పచ్చడి తిని అందరూ కూర్చున్నారు. స్వామి మడిచిన కావిగుడ్డ ఒడిలో పెట్టుకుని, ఏం తెచ్చావని అడిగాడు. ఉరుకుందప్ప లేచి నిలబడ్డాడు. అంతలో తోపులోంచి కూ అని వినబడింది. అతని తల తనకు తెలియకుండానే అటు తిరిగింది. కోయిల గొంతు పెంచి మళ్ళీ పిలిచింది.

"స్వామీ, ఆ పొద్దు నా దగ్గర ఏమీ లేదంటి. ఇప్పుడొకటి ఉంది. దాన్ని వదలబుద్ధి కావడం లేదు. నేను చెడినానో బాగుపడినానో అది కూడా తెలియడం లేదు."

స్వామి కావిగుడ్డను ఒడిలోంచి తీసి పక్కన పెట్టాడు. ముందు పోయి దానికి జవాబు చెప్పిరమ్మన్నాడు, పిలిచినవాళ్ళను కాచుకోబెట్టడం మర్యాద కాదన్నాడు. ఉరుకుందప్ప గడప దాకా పోయి, కాలు బయట పెట్టబోయి, వెనక్కి తిరిగాడు. మరి కావిగుడ్డ మాటేమిటని అడిగాడు.

"అది యాడికీ పోదులేప్పా" అన్నాడు స్వామి. "కోయిల పోతాది."