తడిచేతి నూకాలు గీసిన మూడు గీతలు

అనగనగా అంటే ఎన్నేళ్ళ కిందటని నన్నడక్కండి, నాకు చెప్పినవాళ్ళకే తెలీదు. ఏటి రేవు పక్కన ఒక సత్రం ఉండేది. అందులో అంట్లు తోమే ముసలమ్మ పేరు నూకాలు. నా అన్నవాళ్ళు లేరు. వంటింటి వసారాయే ఆమెకు ఇల్లు. పొద్దస్తమానం నీళ్ళల్లో నానే చేతులు కదా, అందరూ తడిచేతి నూకాలు అనేవారు.

బాటసారుల కోసం సత్రంలో ఏటా వేసవిలో ఏడాదికి సరిపడా ఆవకాయ పెట్టేవారు. కొలత అందరికీ నోటికొచ్చిందే. ఉప్పు వీశె, కారం వీశె, ఆవపిండి వీశె. ఒక ఏడు ఏరు పొంగి, త్రాసునీ తూకపురాళ్ళనీ పట్టుకుపోయింది. మిగిలింది గింజలు కొలిచే మానిక ఒక్కటే. కొత్త త్రాసు కొనే సొమ్ము సత్రానికి లేదు.

"దాందేముంది, వీశెకో మానిక" అన్నాడు వంటాయన అప్పలస్వామి.

ఉప్పు మానికెడు, కారం మానికెడు, ఆవపిండి మానికెడు పోశాడు మహానుభావుడు. ఉప్పు బరువెక్కడ, ఆవపిండి బరువెక్కడ! ఆ ఏడు ఆవకాయ నోట పెట్టినవాళ్ళంతా నీళ్ళ కోసం పరుగెత్తారు.

మరుసటేడు బెదిరిపోయి ఉప్పు బాగా తగ్గించేశాడు. నెల తిరక్కుండా జాడీలన్నీ బూజు పట్టాయి.

తప్పు ఎవరిదనాలి? ఊరగాయకు తడి తగిలితే బూజు పడుతుందని అందరికీ తెలుసు. తడిచెయ్యి ఎవరిదో కూడా అందరికీ తెలుసు.

"నువ్వే ముట్టుంటావు" అన్నాడు అప్పలస్వామి.

"జాడీల గదిలో అడుగే ఎట్టనేదు బాబూ."

"ఇక దేన్నీ ముట్టకు. వచ్చే ఏడు కూడా పాడైందా, మూట కట్టుకో."

మూట కట్టుకుందామన్నా ఆమెకేముంది? పోదామన్నా చోటేది? ఇది చెప్పినప్పుడల్లా నాకు ఆ వంటాయన మీద కోపమొస్తుంది.

వేసవి వచ్చింది. నూకాలు ఒక వెదురు గొట్టాన్ని ఎండబెట్టి సంతకు పట్టుకెళ్ళింది. ఉప్పు కొట్టు ముందు నిలబడింది.

"దంచినుప్పు పావు వీశె తూసి ఇందులో పొయ్యండి బాబూ. గీత గీసుకుని మల్లీ మీకే పోసేత్తాను."

"కొనకుండా తూకమేమిటే?"

"మీ తరాసు పళ్ళేలు తోమెడతాను."

కొట్టాయన పళ్ళేల వంక చూసుకున్నాడు. పచ్చగా చిలుము పట్టి ఉన్నాయి. సరేనన్నాడు.

ఉప్పు కొట్టులో పళ్ళేలు తోమింది, ఒక గీత గీసుకుంది. కారం కొట్టులో పళ్ళేలు తోమింది, ఒక గీత గీసుకుంది. ఆవాల కొట్టులో పళ్ళేలు తోమింది, ఒక గీత గీసుకుంది. తీరా చూస్తే ఉప్పు గీత గొట్టంలో సగానికి కూడా రాలేదు. మిగతా రెండూ అంచు దగ్గరున్నాయి. సత్రానికి తిరిగొచ్చి గొట్టాన్ని అప్పలస్వామి ముందు పెట్టింది.

"ఇదిగో బాబూ. ఏ గీతకాడికి ఆ సరుకు, అదమకుండా నాలుగుసార్లు పోత్తే వీశె."

"నిన్ను ముట్టొద్దన్నానా!"

"నా సెయ్యి తడిదే బాబూ. గొట్టం పొడిదే. మీరే కొలవండి."

అప్పలస్వామికి వేరే దారి లేదు. కొలిచాడు, కలిపాడు, జాడీలకెత్తాడు.

మూడో రోజు తెరిచి చూశారు. మూడో నెల తెరిచి చూశారు. మళ్ళీ వేసవికి అడుగు కనబడేదాకా చూశారు. బూజు లేదు, ఉప్పెక్కువా లేదు. అప్పలస్వామి తప్పయిందని అనలేదు. అడుగున మిగిలిన ఊటతో అన్నం కలిపి, మొదటి ముద్ద నూకాలు తడిచేతిలో పెట్టాడు. ఆమె బతికినన్నాళ్ళూ ఆ వసారాలోనే ఉంది.

సత్రం ఎప్పుడో కూలిపోయింది. ఆ రేవు ఊళ్ళల్లో మాత్రం ఇప్పటికీ ఉప్పెక్కువైతే "నూకాలు గీత దాటావు" అంటారు. ఆవకాయ పెట్టే రోజు, ఇంట్లో అంట్లు తోమే మనిషినే ముందు పిలుస్తారు. ఆమె తడిచెయ్యి ఖాళీ జాడీ పొట్ట మీద అద్దుతుంది. ఆ ముద్ర ఆరేదాకా ఇంటి యజమానురాలు కూడా ఉప్పు ముట్టుకోదు.