కోటగోడలో చేరిన పొలం

అనగనగా ఒక ఏరు, ఏటి ఒడ్డున ఒక ఊరు. ఊరి పేరు ఒండ్రుపాడు. రాజుల కథలు మీరు చాలా విని ఉంటారు. ఈసారి మట్టి కథ వినండి.

ఏటా వరద వచ్చి పోతూ పోతూ ఆ ఊరి పొలాల మీద మెత్తటి ఒండ్రు పరిచిపోయేది. చేతిలోకి తీసుకుంటే వెన్నలా ఉండేది. జొన్న వేస్తే మనిషెత్తు పెరిగేది. మిరప వేస్తే కొమ్మలు విరిగేంత కాపు. ఆ మట్టితోనే ఊరివాళ్ళు ఇటుకలు కోసి, ఎండబెట్టి, ఇళ్ళు కట్టుకునేవాళ్ళు. గోడ పాతబడితే పడగొట్టి, నానబెట్టి, కాళ్ళతో తొక్కి మళ్ళీ కట్టేవాళ్ళు. మిగిలింది చేలో చల్లేవాళ్ళు. వాళ్ళ దృష్టిలో ఇటుకంటే కొన్నాళ్ళు నిలబడ్డ మట్టి. అలసిపోయాక మళ్ళీ చేలో పడుకుంటుంది, అంతే.

ఆ ఊళ్ళో ఓబక్క అని ఒక పిల్ల ఉండేది. మంచి నోరున్న పిల్ల. రచ్చబండ దగ్గర ఆమె లేచి నిలబడిందంటే పెద్దవాళ్ళు కూడా తలపాగాలు సర్దుకుని వినేవాళ్ళు. ఎదుటివాడి మాట అందుకుని వాడికే తిప్పికొట్టడం ఆమెకు ఆట. ఆ ఆటలో ఆమె ఏనాడూ ఓడలేదు.

ఒక వేసవిలో ఆ దేశాన్నేలే ధీరకేతు మహారాజుకు పొరుగురాజు దండెత్తుతాడన్న భయం పట్టుకుంది. కోట కట్టాలనుకున్నాడు. ఆయన మంత్రి మంజుభాషి పల్లకీలో ఒండ్రుపాడు వచ్చాడు. పల్లకీ వెనక బళ్ళు వచ్చాయి. బళ్ళ నిండా లావుపాటి మొద్దులు.

"అమ్మలారా, అయ్యలారా! కోటగోడకు మీ మట్టి కావాలి. ఊరికే తీసుకుపోము. శత్రుభయం తీరగానే గోడ విప్పి, మీ మట్టి మీ పొలంలోనే తెచ్చి పోస్తాం. అందాకా రాజుగారి గాదెలే మీ గాదెలు," అన్నాడు మంత్రి.

జనం గుసగుసలు పోయారు. పొలం తవ్వి ఇస్తే మళ్ళీ పొలమవుతుందా?

మంత్రి నవ్వాడు. ఒక మైనపు ముద్దను తెప్పించి గిన్నెలో కరిగించాడు. చల్లారాక అది మళ్ళీ ముద్ద అయింది. గుప్పెడు ఉప్పు నీళ్ళలో వేసి కలిపాడు. ఉప్పు మాయమైంది. నీళ్ళు మరిగించి ఇగర్చాడు. గిన్నె అడుగున ఉప్పు తెల్లగా మెరిసింది. ఆఖరున, "మీ ఇటుకే ఒకటి ఇవ్వండి," అన్నాడు. ఎవరో పశువుల కొట్టం గోడలోంచి ఒకటి ఊడబెరికి తెచ్చారు. దాన్ని కుడితితొట్లో వేశాడు. ఆయన తాంబూలం నమిలేలోగా ఇటుక మెత్తబడి, ఒరిగి, బురదై కూర్చుంది.

"చూశారా? మైనం పోయిందా? ఉప్పు పోయిందా? మట్టి పోయిందా? లోకంలో ఏదీ ఎక్కడికీ పోదు. వేషం వేస్తుంది, వేషం తీసేస్తుంది!"

జనం ఈలలు వేశారు. అప్పుడు ఓబక్క అవ్వ గురవ్వ, కూర్చున్న చోటినుంచే చెయ్యెత్తింది.

"నాయనా, ఒక్క మాట. ఇటుకలు ఎండడానికి మా ఊరి ఎండ చాలదా? అన్ని మొద్దులెందుకు తెచ్చావు?"

మంత్రి నోట్లో తాంబూలం ఒక్క క్షణం ఆగింది. ఆయన జవాబు వెతుక్కునేలోపే ఓబక్క అందుకుంది.

"భలే అడిగావులే అవ్వా! అంతమంది కూలీలు దిగుతుంటే వాళ్ళు గంజి కాచుకోవద్దూ? అందరూ నీలాగా ఎండలో కూర్చుని కడుపు నింపుకుంటారా?"

సభంతా గొల్లుమంది. గురవ్వ కూడా బోసినోటితో నవ్వేసింది. "ఏమోనే, తోచింది, అడిగాను," అని ఊరుకుంది.

"ఇంత తెలివైన పిల్ల ఉన్న ఊళ్ళో నేను అబద్ధమాడి బతకగలనా?" అన్నాడు మంత్రి. ఆ మాటకు ఓబక్క ఒళ్ళు పొంగిపోయింది. ఇక ఊరిని ఆమే ఒప్పించింది. "మన గోడలు మనమే ఎన్నిసార్లు కరిగించుకోలేదు? మట్టి ఎక్కడికి పోతుంది? పూచీ నాది!" అంది. ఆమె పూచీ మీద ఊరు తల ఊపింది.

పారలు దిగాయి. ఒండ్రంతా తవ్వి, కింద రాళ్ళ గరుసు తేలేదాకా తవ్వి, బళ్ళకెత్తి ఏటి అవతలి గుట్ట వెనక్కి తోలుకుపోయారు. కొన్నాళ్ళకు గుట్ట వెనకనుంచి పొగ లేచింది. రోజుల తరబడి లేస్తూనే ఉంది.

"కూలీలకు వంటలు జోరుగా సాగుతున్నాయే!" అనుకున్నారు ఊళ్ళోవాళ్ళు.

కోట లేచింది. ఎర్రగా, ఎత్తుగా, చూడముచ్చటగా లేచింది. అది చూశాడో, మరేం చూశాడో, పొరుగురాజు తన కూతుర్ని మన యువరాజుకు ఇచ్చి వియ్యమందాడు. భయం తీరింది. భయం తీరగానే గాదెల తలుపులు కూడా మూశారు. ఊరివాళ్ళు వెళ్ళి మట్టి అడిగారు. అడగ్గా అడగ్గా బళ్ళు వచ్చాయి. కోట కట్టగా మిగిలిన ఇటుకల్ని, సగం ముక్కల్ని, పొలంలో గుట్టలుగా దింపి, "ఇదిగో మీ మట్టి. మిగతాది కోట విప్పినప్పుడు," అని వెళ్ళిపోయాయి.

"నానబెడితే సరి," అంది ఓబక్క. కాలవకు గండి కొట్టి నీళ్ళు పెట్టించింది. ఊరంతా గట్టు మీద కూర్చుని చూసింది. తెల్లారింది. ఇటుకలు అలాగే ఉన్నాయి. వారం గడిచింది. కరగలేదు సరికదా, దుమ్ము కడుక్కుని ఇంకా ఎర్రగా నిగనిగలాడాయి.

ఓబక్క కడవ చంకనెత్తుకుని ఏటి దగ్గర నిలబడింది. కడవ తడి నడుముకు తగిలింది. ఆ కడవ మట్టిదే. అమ్మ కాపురానికి వచ్చిన ఏడు కొన్నది. అన్నాళ్ళుగా నీళ్ళు మోస్తోంది, ఒక్క రవ్వ కరగలేదు. కుమ్మరి కుండలు కాల్చే ఆవం పొగ తను చూడలేదా? పెరట్లో పగిలిన కుండపెంకులు ఎన్ని వానలకు తడవలేదు? వాటిలో ఒక్కటైనా మట్టయిందా? రోజూ చంకన మోస్తున్న సంగతి సభలో ఎందుకు తట్టలేదు?

ఆమె కడవను ఇసుకలో దించి తడిమి చూసింది. ఇంటికి వెళ్ళి మాత్రం ఎవరికీ చెప్పలేదు. ఇంకో దారి ఉంటుందనుకుంది.

"పొడి కొడదాం," అంది. ఆడవాళ్ళు రోళ్ళు బయటకు లాగారు. అరచేతులు బొబ్బలెక్కేదాకా దంచారు. ఆ పొడి చేలో పరిచి జొన్న చల్లారు. తొలకరి పడింది. గింజ తనలో ఉన్న సత్తువతో మొలకెత్తింది, రెండాకులు వేసింది, పసుపుబారి వాలిపోయింది.

గురవ్వ గుప్పెడు పొడి తీసి వాసన చూసింది. "వాన పడ్డా మట్టివాసన రాలేదే. పొడి కొడితే మట్టి కాలేదమ్మీ, చిన్న చిన్న ఇటుకలయ్యాయి," అంది.

ఇక మిగిలింది రాజసభ. దారి పొడుగునా ఓబక్క ఆలోచించింది. మోసం చేశారంటే, ఇటుకలు దింపాం కదా అంటాడు మంత్రి. మట్టి కాలేదంటే, మీకు నానబెట్టడం చేతకాలేదంటాడు. ఆ మనిషి చేతనే చెప్పించాలి.

సభలో ఆమె చేతులు జోడించింది. "మహారాజా, ఫిర్యాదుకు రాలేదు. హెచ్చరించి పోదామని వచ్చాను. తమ కోట కూలిపోతుంది."

సభ ఉలిక్కిపడింది.

"మంత్రిగారే మా ఊళ్ళో ఇటుకను తొట్లో వేసి బురద చేసి చూపించారు. కోట ఇటుకలూ అలాగే కరుగుతాయని మాటిచ్చారు. బయట మబ్బులు చూడండి. తొలకరికి నిలబడ్డా, రాబోయే ముసురుకు గోడలు కరిగి అంతఃపురంలోకి పారితే రాణిగారు ఎటు పరుగెత్తుతారో!"

"మంజుభాషీ!" రాజు సింహాసనం మీదనుంచి లేచాడు. "కోట కరుగుతుందా?"

మంత్రి పకపకా నవ్వాడు. "ప్రభూ, పల్లెటూరి పిల్ల, దానికేం తెలుసు? ఆ రోజు కరిగింది పచ్చి ఇటుక. ఎండ దానిలోంచి తీసుకుపోయేది పైతడి ఒక్కటే. తడి మళ్ళీ తగిలిందా, ఎప్పటి మట్టే. కోటది కాల్చిన ఇటుక! మట్టి రేణువుల్లో పుట్టుకతోనే కలిసి ఉండే నీరు ఒకటుంది. బట్టీ మంట దాన్ని కూడా లాగేస్తుంది. రేణువులు ఒకదాన్నొకటి పట్టుకుని వేరే పదార్థమైపోతాయి. నానబెట్టండి, దంచండి, వెయ్యేళ్ళు వాన కురవనివ్వండి. అది మళ్ళీ మట్టి కాదు!"

"ఏమన్నారు? సరిగ్గా వినబడలేదు," అంది ఓబక్క.

"మళ్ళీ మట్టి కాదన్నాను! ఎన్నటికీ..."

తన గొంతు తనకే వినబడి మంత్రి ఆగిపోయాడు. సభలో ఎవరో దగ్గారు.

"ఈ సంగతి మొద్దులు తెచ్చిన రోజే తెలుసునా మంత్రిగారూ? కాల్చాక తెలిసిందా?"

మంత్రి తల వంచుకున్నాడు. రాజు అక్కడికక్కడే ఆయన ముద్రికను ఊడబెరికించి, దేశంనుంచి వెళ్ళగొట్టాడు. "వాదం నువ్వు గెలిచావు తల్లీ. ఏం కావాలో కోరుకో," అన్నాడు.

"మా మట్టి కావాలి."

రాజు కిటికీలోంచి ఎర్రటి గోడను చూశాడు. "అదొక్కటీ నా చేతిలో లేదు," అన్నాడు.

"మరి నేను గెలిచిందేమిటి మహారాజా?"

రాజు బంగారు కంకణం ఇవ్వబోయాడు. ఆమె చెయ్యి చాపలేదు. "ఇకమీదట ఎవరి నేల అడిగినా ముందు ఆ ఊరి నడిబొడ్డున ఒక ఇటుక కాల్చి, నీళ్ళలో వేసి చూపించండి. ఆ తర్వాత అడగండి," అంది. రాజు శాసనం వేయించాడు. కోటకు ఇంకో బురుజు కోసం ఏటి దిగువ ఊళ్ళో అప్పటికే దిగిన పారలు వెనక్కి వచ్చాయి. ఆ ఊరి పొలాలు బతికాయి.

ఓబక్క ఇంటికి వచ్చేసరికి ఒండ్రుపాడు సగం ఖాళీ. మిగతా సగం మూటలు కడుతోంది.

"గెలిచావా?" అడిగారెవరో.

"గెలిచాను."

"మట్టి?"

ఆమె ఖాళీ చేతులు చూపించింది. అడిగినవాళ్ళు తిరిగి మూట బిగించుకున్నారు. ఒక్కరూ ఆమెను నిందించలేదు. నిందిస్తే బాగుండుననిపించింది ఆమెకు. గురవ్వ కాళ్ళ దగ్గర కూలబడి, "తిట్టవే అవ్వా," అంది.

"తిడితే మట్టి వస్తుందంటే నీ చెవులు చిల్లులు పడేదాకా తిట్టేదాన్ని," అంది గురవ్వ. "లే. చీకటి పడేలోపు ఏరు దాటాలి. అవతలి ఊళ్ళో నాట్లకు కూలికి పిలుస్తున్నారట."

ఇద్దరూ ఏరు దాటారు. ఓబక్క ఆ ఊళ్ళో ఇంకొకరి ఒండ్రులో మోకాళ్ళలోతు దిగి నారు నాటింది. ఒండ్రుపాడులో ఇప్పటికీ ఏటా వరద గోరంత మందాన మట్టి పరిచిపోతూనే ఉంది. అది పొలమయ్యేనాటికి ఆ ఊరి పేరు తెలిసినవాళ్ళు ఎవరూ ఉండరు.

కాబట్టి పిల్లలూ, రూపం మారింది తిరిగి వస్తుంది, గుణం మారింది తిరిగి రాదు. ఆ రెంటిలో ఏది జరగబోతోందో నిప్పు పెట్టకముందే అడగాలి, అడిగినవాళ్ళను చూసి నవ్వకూడదు.